మీది ఏ పద్ధతండీ

మా అక్క మొగుడికి ఒకే ఒక్క జబ్బు. ఎదురుగా ఉన్న మనిషి ఏ పని చేసేవాడైనా సరే, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే, "మీది ఏ పద్ధతండీ?" అని అడుగుతారు. అంటే, మీకు డబ్బులు ఎలా ముడతాయి, పనికింతా, గంటకింతా, నూటికింతా, నెల జీతమా అని. ఎంత అని మాత్రం చచ్చినా అడగరు. "ఎంత అనేది వాళ్ల సొంత విషయం. అడిగితే మర్యాదగా ఉండదు" అంటారు. అదీ ఆయన మర్యాద. ఈ మర్యాదతోనే ముప్పై ఏళ్లుగా నా పరువు తీస్తూ వచ్చారు.

మా ఇంట్లో ఆయన పేరు పద్ధతి బావగారు. అసలు పేరు పెళ్లి పత్రికలో ఉంది. మా అక్కకి కూడా గుర్తున్నట్టు లేదు.

ఆయన తలమీద జుట్టు అంటే చెవుల వెనక చెరో కుచ్చు. దాన్ని కత్తిరించుకోడానికి సెలూనుకి వెళ్లి, అక్కడాయన్ని అడిగారట, మీది తలకింతా, గంటకింతా అని. తలకండీ అన్నాడు పాపం.

"తలకైతే నాలాంటివాడు మీకు లాభం కదండీ. రెండు నిమిషాల పని. జుట్టున్నవాళ్లని ముందు కూర్చోబెట్టి నన్నెందుకు చివర్లో పెడుతున్నారు?"

అప్పట్నుంచి ఆ సెలూనాయన బావగారు గుమ్మంలో కనబడితే చాలు, ముందు ఆయన్నే కూర్చోబెడతాడు. తన సిద్ధాంతం ఒప్పుకున్నాడని బావగారు. త్వరగా వదిలించుకుంటున్నాడని మా అక్క.

ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి నేను తోడు వెళ్లాల్సొచ్చింది. బావగారి నోరు తెరిపించి, లైటు వేసి, లోపల రెండు పరికరాలు పెట్టాక ఆయన ఏదో అడిగారు. డాక్టరుకి అర్థం కాలేదు. మళ్లీ అడిగారు. డాక్టరు నా వంక చూశాడు. ఏం చెయ్యను? "పన్నుకింతా, నిమిషానికింతా అని అడుగుతున్నారండీ" అని నేనే తర్జుమా చేశాను. పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు నాది, దానికి ఆ గతి పట్టింది.

ఇంకా నయం, అది బయట. మా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజే ఈయన నాకు గొడుగు ఇవ్వడానికొచ్చారు. ఇన్‌స్పెక్టరుగారు రిజిస్టర్లు తిరగేస్తుంటే వరండాలోంచి గొంతు. "మీది నెల జీతమా సార్, బడికింతా? బడికింత అయితే ఈ బడి త్వరగా కానిచ్చేస్తారు, మా మరదలు అదృష్టవంతురాలు." ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను బీరువా వెనక దాక్కున్నది ఆ ఒక్కరోజే. మూడో తరగతి పిల్లలు చూశారు కూడా. ఆ ఏడంతా వాళ్లకి క్రమశిక్షణ గురించి చెప్పలేకపోయాను.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందంటే, బస్సులో. ఆయన మూడు కంపెనీల్లో బస్సు నడిపారు. మొదటి కంపెనీలో ట్రిప్పుకింత. "స్టాపులో జనం చెయ్యి ఊపితే మేమూ చెయ్యి ఊపి వెళ్లిపోయేవాళ్లం పిల్లా" అంటారు. అరవై దాటినా నేను ఆయనకి పిల్లనే. రెండో కంపెనీలో టికెట్టుకింత. అప్పుడు స్టాపు లేని చోట కూడా ఆపి, ఇంట్లోంచి ఎవరైనా వస్తారేమోనని హారను కొట్టేవారట. మూడో కంపెనీలో జీతం. అక్కడ మాత్రం టైము ప్రకారం నడిపారు, నిద్రపట్టకుండా ఉండటమే కష్టమైంది.

"మనిషిని నేనే. బస్సు అదే, రోడ్డూ అదే. డబ్బులొచ్చే దారి మారేసరికి నా కాలు బ్రేకు మీద వేరేగా పడింది. మనుషులు చెడ్డవాళ్లు కాదు పిల్లా, పద్ధతి అలా తిప్పుతుంది."

నమ్మనివాళ్లకి వాళ్ల హాలు చూపిస్తారు. ఒక గోడకి రోజుకూలీ మీద రంగు వేయించారు, ఎదుటి గోడకి మొత్తం పనికి ఇంత అని గుత్తకిచ్చారు. పనివాడు ఒక్కడే. రోజుకూలీ గోడ అద్దంలా ఉంటుంది, కాకపోతే ఎనిమిది రోజులు పట్టింది. గుత్త గోడ ఒక పూటలో అయిపోయింది, మూలలు మాత్రం వదిలేశాడు. పదేళ్లయినా రెండో కోటు వెయ్యనివ్వరు. మా అక్క వచ్చినవాళ్లకి కాఫీ ఇస్తూ, "మీరు గుత్త వైపు కూర్చోకండి, సున్నం రాలుతుంది" అని చెబుతుంది.

ఇలాంటి మనిషిని వెంటేసుకుని నేను ఇల్లు కొనుక్కోవాల్సొచ్చింది.

నేను అద్దెకుంటున్న ఇంటివాళ్లు మూడు నెలల్లో ఖాళీ చెయ్యమన్నారు. నేను ఒక్కదాన్నే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు మొత్తం బ్యాంకులో ఉంది. ఒక గది, వంటిల్లు, కాస్త వెలుతురు, ఇంకెవరూ పొమ్మనకుండా ఉంటే చాలనుకున్నాను. తప్పు ఇల్లు కొంటే రెండోది కొనే స్తోమత నాకు లేదు. ఆ మాట మా అక్కతో అంటుంటే బావగారు విన్నారు. అంతే, డైనింగు టేబుల్ మీదున్న సామానంతా తన ముందుకి లాక్కున్నారు.

"ఇల్లు కొనేటప్పుడు సాయం చేసేవాళ్లకి ఎలా ఇవ్వాలో ముందు తేల్చుకోవాలి. ఇదిగో, ఈ ఉప్పుడబ్బా నూటికింత పద్ధతి. ఇల్లు ఖరీదు పెరిగితే బ్రోకరు వాటా పెరుగుతుంది. నీకోసం బేరమాడి తగ్గించాడనుకో, వాడి జేబుకే చిల్లు."

"అయితే తగ్గించినదాంట్లో వాటా ఇస్తానంటాను."

"అది ఈ మూత. అప్పుడు ముందు ధర పెంచి చెప్పించి, తర్వాత తగ్గిస్తాడు. ఈ గ్లాసు గుత్త. ఎంత ఇల్లయినా ఒకటే ఫీజు. ఎంత త్వరగా నీ చేత సంతకం పెట్టిస్తే అంత త్వరగా వాడు ఇంటికెళ్తాడు. ఈ గరిటె గంట పద్ధతి, లాయర్లది. నువ్వు కులాసానా అండీ అంటావు. ఆయన కులాసానే అని నిదానంగా చెబుతాడు. రెండు మాటలకీ బిల్లు నీదే."

"ఉచితంగా చేసేవాళ్లు కూడా ఉన్నారట బావా. కొనేవాళ్ల దగ్గర పైసా తీసుకోరట."

"ఈ చెంచా. అమ్మేవాడు ఇస్తాడు వాడికి. కూర్చునేది నీ పక్కన, ఆలోచించేది అవతలివాడి పక్కన."

వంటింట్లోంచి మా అక్క కేకేసింది. "ఆ నూటికింత కాస్త ఇటు పంపండి, పొయ్యిమీద కూర చప్పగా ఉంది."

"ఇంతకీ ఏది మంచిది బావా?" అన్నాను.

"ఏదీ మంచిది కాదు. ప్రతిదానికీ ఒక బొక్క ఉంటుంది. ఎక్కడుందో తెలిస్తే పూడ్చుకోవచ్చు. నేను కూడా వస్తాలే నీతో."

వద్దనడానికి నోరు తెరిచాను. మా అక్క గుమ్మంలోంచి నన్నొక చూపు చూసింది. మూసేశాను.

మాకు దొరికిన బ్రోకరు ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి. భుజాన సంచి, సంచినిండా తాళాలు. నడుస్తుంటే మేకల మంద వస్తున్నట్టు గలగలలు. నేను తాళాల అమ్మాయి అనేదాన్ని. మెట్ల కింద ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు. మూడో మనిషి మెడ వంచి నిలబడాలి. ఆ అమ్మాయే మెడ వంచి నిలబడి మమ్మల్ని కూర్చోబెట్టింది.

"మీది ఏ పద్ధతమ్మా?"

నేను గోడమీద క్యాలెండరు చూడటం మొదలుపెట్టాను. అది పోయిన ఏడాదిది.

"ఇల్లు కుదిరితే నూటికి రెండండి."

"కుదరకపోతే?"

"ఏం లేదండి."

"మరి ఇళ్లు చూపించడానికి బస్సు చార్జీలు?"

"నావేనండి."

"మధ్యాహ్నం తిండి?"

ఆ అమ్మాయి నవ్వేసింది. బావగారు నవ్వలేదు. జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఎడమ అరచేతిలో ఏదో గీసుకున్నారు. ఆయన కాగితం వాడరు. స్టీరింగు ముందు కాగితం ఎక్కడ పెట్టుకుంటామని అప్పట్నుంచీ అరచేతిలోనే. చెయ్యి కడుక్కుంటే పోతుంది. "పోయేలోపల పని అయిపోవాలి, అదే లెక్క" అంటారు.

ఇక మొదలైంది మా తిరుగుడు. ఇల్లు చూడటం, గది గదికీ బావగారు తలుపులు తీసి వెయ్యడం, నేను కిటికీలు లెక్కపెట్టుకోవడం. బయటికొచ్చాక, "నువ్వు పద పిల్లా, అమ్మాయితో ఒక్క మాట మాట్లాడొస్తా" అని ఆయన వెనక ఆగిపోవడం. ప్రతి ఇంటి దగ్గరా ఇదే. తర్వాత అరచేతిలో ఒక గీత. నాకర్థమైపోయింది. నూటికి రెండుని ఒకటిన్నరకి దించుతున్నారు. ఆ పిల్ల సంచి పట్టీకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతోంది, దాని దగ్గర ఈయన గీతల చొప్పున గీకుతున్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. మెట్లమీద నిలబడి ఎటో చూస్తూ, ఈయనెవరో నాకు తెలియనట్టు గొడుగు తిప్పేదాన్ని.

మూడో ఇంట్లో ఆపుకోలేకపోయాను. ఆయన కిటికీ గడియ పరీక్షిస్తున్నారు. నేను తాళాల అమ్మాయిని అద్దం బీరువా పక్కకి పిలిచి, "మా బావ మాటలు పట్టించుకోకమ్మా" అని, కణత దగ్గర వేలు పెట్టి ఇలా తిప్పాను.

"అయ్యో, ఆయన చాలా మంచివారు టీచరుగారూ" అంది.

వ్యాపారస్తులు అలాగే అంటారులే అనుకున్నాను. అసలు ఆ పిల్లకి వ్యాపారం వచ్చా అని నా అనుమానం. అయిదో ఇల్లు నాకు కాస్త నచ్చితే, "మెట్లు నిటారుగా ఉన్నాయండీ, మీ మోకాళ్ల సంగతి చూసుకోండి" అంది. ఎనిమిదో ఇంట్లో, "పక్కన తలుపుల కొట్టు ఉందండీ, పగలంతా రంపం చప్పుడే" అంది. సరుకు అమ్మేవాళ్లు సరుకుని తిట్టడం నేనెక్కడా చూడలేదు. ఇలాగైతే ఇది బాగుపడినట్టే అనుకున్నాను. ఖాళీ చెయ్యడానికి మూడు వారాలే మిగిలాయి. నాకు కంగారు పట్టుకుంది.

పదకొండో ఇల్లు చూడ్డానికి అమ్మాయి ఫోను చేసి, రేపు పొద్దున పదింటికి రమ్మంది. ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. ఒక్కసారైనా మర్యాదగా, తలెత్తుకుని ఇల్లు చూడాలనిపించింది. అక్కావాళ్లింటికి ఫోను చేసి ఇల్లెక్కడో చెప్పాను.

"రేపు సాయంత్రం నాలుగింటికి బావా. నాలుగింటికి."

"సరే పిల్లా" అన్నారు.

పొద్దున్నే వెళ్లాను. ఏం చెప్పను ఆ ఇంటి గురించి. రెండో అంతస్తు, వంటింట్లో పెద్ద కిటికీ. ఎండ నేలమీద చాప పరిచినట్టు పడింది. పొయ్యి పక్కన ఒక స్టూలు వేసుకుని పేపరు చదువుకుంటున్నట్టు నాకు నేను కనిపించాను కూడా.

"ఇది తీసుకుంటా" అన్నాను.

తాళాల అమ్మాయి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "సార్ రాలేదేంటండీ?"

"ఆయనకి పనుంది." ఎండలో నిలబడి అబద్ధం చెప్పాను.

"ఆయన కూడా ఒకసారి చూస్తే..."

"కొనేది నేనమ్మా. కాయితాలు రాయించు."

ఆ అమ్మాయి మాత్రం, "ఈ ఇల్లు వద్దు టీచరుగారూ" అంది. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వంటింటి తలుపు వెనక గోడమీద ఆనించింది. చల్లగా, జిగటగా తగిలింది. "ఇల్లంతా పాత రంగు, ఈ ఒక్క గోడకే కొత్త రంగు. పైవాళ్ల స్నానాలగది పైపు ఈ గోడలోంచే పోతోంది. రెండేళ్లలో ఇద్దరు కొన్నారు, ఇద్దరూ అమ్మేసి పోయారు."

బుద్ధున్నదైతే ఆ పిల్లకి దణ్ణం పెట్టాలి. నా బుర్రలో మాత్రం ఉప్పుడబ్బా, గ్లాసు, గరిటె గిర్రున తిరిగాయి. నూటికి రెండు వదులుకుని నిజం చెప్పేవాళ్లుంటారా? బావగారి పాఠమంతా ఆ పిల్లమీదే అప్పజెప్పాను.

"వద్దంటే నీకేం మిగులుతుంది? దీనికంటే ఖరీదైన ఇల్లు ఇంకోటుందా చేతిలో? లేకపోతే వేరే ఎవరికో మాటిచ్చావా? ఇలా చెప్పడానికి నీకెవరు డబ్బులిస్తున్నారు?"

అమ్మాయి మొహం ఎర్రబడింది. "మీ బావగారండి."

నేను గోడమీంచి చెయ్యి తియ్యడం మర్చిపోయాను.

"మొదటి ఇంటి దగ్గర్నుంచీ ఇస్తున్నారు. ఇల్లు కుదిరినా కుదరకపోయినా, చూపించిన ప్రతి ఇంటికీ ఒక రోజు కూలి. షరతు ఒకటే. 'మా మరదలికి నచ్చినా సరే, నీకు నచ్చకపోతే వద్దని చెప్పాలి. వద్దని చెప్పినందుకే నీకీ డబ్బు' అన్నారు. మీకు చెప్పొద్దన్నారు కూడా. ఈ రెండు నెలల్లో ఒక్క ఇల్లూ అమ్ముడవలేదండీ నాకు. మీతో తిరిగిన రోజులే..." అని ఆగి, తాళాలు సంచిలో వేసుకుంది.

అంటే అరచేతిలో ఆ గీతలు గీకినవి కావు, ఇచ్చినవి. నా వేలు నాకు గుర్తొచ్చింది. కణత దగ్గర తిప్పిన వేలు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగుకి చుట్టుకున్నాను.

"ఆ రోజు నేను... ఆయన గురించి అన్నది ఆయనకి చెప్పలేదు కదా?"

"నేను చెప్పలేదండీ." అమ్మాయి తటపటాయించింది. "బీరువా అద్దంలో ఆయనే చూశారు. 'డ్రైవర్ని కదమ్మా, వెనక సీట్లో ఏం జరుగుతోందో అద్దంలో కనబడుతుంది' అని నవ్వేశారు."

పిల్లలు కాపీ కొట్టి దొరికిపోతే, నేలచూపులు చూస్తూ నిలబడేవాళ్లు నా ముందు. వాళ్లకి ఎలా ఉంటుందో అరవై రెండో ఏట తెలిసింది నాకు. తాళాల అమ్మాయిని క్షమించమన్నాను. "ఫర్వాలేదండీ, మొన్న ఒకాయన ఇంకా పెద్ద మాటే అన్నాడు" అంది. అది ఓదార్పో ఏమో, నాకు ఇంకా సిగ్గేసింది.

ఇంటికెళ్లలేదు. ఫోను చేసి రావద్దని చెబుదామనుకున్నాను, ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ గేటు పక్కన అరుగు మీదే కూర్చున్నాను. ఎలా క్షమాపణ అడగాలో నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను. మూడున్నరకే వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే బూట్లు. నన్ను చూసి ఏమీ అడగకుండా గేటు దగ్గరున్న కాపలాదారు వైపు తిరిగి, "మీది నెల జీతమా అండీ, పూటకింతా?" అన్నారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న వినడానికి నాకు హాయిగా అనిపించింది.

"పూటకండి" అన్నాడు కాపలాదారు.

"అందుకే మెలకువగా ఉన్నారు" అని మెచ్చుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎడమ అరచెయ్యి మోకాలిమీద ఉంది. పదకొండో ఇంటి గీత అప్పటికే గీసుకుని వచ్చారు.

నేను తయారు చేసుకున్న నాలుగు రకాలూ ఎగిరిపోయాయి. "బావా, నేను పొద్దున్నే చూసేశాను. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసులే."

"ఎలా తెలుసు?"

"నిజం చెప్పేటప్పుడు టైము ఒకసారి చెబుతావు. అబద్ధమైతే రెండుసార్లు. నువ్వు చదువుకునే రోజుల్నుంచీ అంతే. మీ అక్కకి చెప్పకుండా సినిమాకెళ్లినప్పుడు కూడా, ఆరింటికొస్తా ఆరింటికి అనేదానివి."

"తెలిసి మరి ఎందుకొచ్చారు, ఇంత ఎండలో?"

"రాకపోతే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోతుంది కదా. ఒక గంట నిలబడి, తాళం వేసుందని చెప్పి వెళ్లిపోదామనుకున్నా. నువ్వే ఇక్కడ కూర్చుని చెడగొట్టావు."

కాపలాదారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియలేదు.

"ఆ అమ్మాయికి మీరిస్తున్న సంగతి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా. నా ఇంటికి నేనే ఇచ్చుకునేదాన్ని."

"నువ్విస్తే నీ మనిషైపోతుంది. నీ మొహం చూసి, నీకు నచ్చిందే చెబుతుంది. ఎవరో ఒక పిచ్చివాడు ఇస్తున్నాడనుకో, భయం లేకుండా నిజం చెబుతుంది."

పిచ్చివాడు అన్న మాటని ఆయన ఏమీ వత్తి పలకలేదు. మామూలుగానే అన్నారు. నేను మాత్రం నా వేలుని ఇంకో చుట్టు కొంగులో దాచుకున్నాను.

"గోడ చెమ్మగా ఉందా?" అన్నారు, రెండో అంతస్తు బయటి గోడమీద మరక చూస్తూ.

"జిగటగా ఉంది. వద్దంది."

"బొక్క పూడింది అయితే." ఎంత సంబరమో మొహంలో, ఇల్లు దొరికినట్టే. జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకున్నారు. "దారిలో ఆ అమ్మాయికి ఇచ్చేసి చెయ్యి కడుక్కుంటా."

లేచి రెండడుగులు వేశాక నాకొక అనుమానం వచ్చింది. ఊళ్లో అందర్నీ ఈయన అడిగారు. ఈయన్ని ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?

"బావా, రెండు నెలలుగా నా వెంట తిరుగుతున్నారు. ఇంతకీ మీది ఏ పద్ధతండీ?"

ఆగిపోయారు. బస్సు నడిరోడ్డు మీద ఆగినట్టు ఆగిపోయారు. నా వంక చూసి, అరచెయ్యి చూసుకుని, చెవి వెనక కుచ్చు సవరించుకున్నారు.

"గుత్త" అన్నారు చివరికి. "మీ అక్కని చేసుకున్న రోజే ఒప్పుకున్నా. అన్నీ కలిపే."

"గుత్త పనిలో మూలలు వదిలేస్తారని మీరే అన్నారుగా."

"అందుకే నడు. పన్నెండో ఇల్లు అయిదింటికి మూసేస్తారట."

"అయిదింటికేనా?"

"ఒక్కసారే చెప్పా కదే" అన్నారు.